కంపెనీ పేరు చెప్పకండి

ల్యాప్‌టాప్ ఛార్జర్ వైరు పాడైందని అమలాపురం గడియార స్తంభం సెంటర్లోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో ఏ కొట్టు ఎక్కినా మొదటి ప్రశ్న ఒకటే వస్తుంది: "ఏ కంపెనీదండీ?" డెల్ అనో లెనోవో అనో మీరు జవాబిచ్చారా, ఇక మాట ఛార్జర్ మీదికి వెళ్ళిపోతుంది. "ఆ కంపెనీది ఒరిజినల్ రావాలండీ. రాజమండ్రి నుంచి తెప్పించాలండీ. రెండు వేల పైమాటేనండీ." మీకు కావలసింది వందా రెండు వందల వైరు. ఇంటికి తెచ్చుకునేది మాత్రం ఛార్జర్ మొత్తం.

అందుకే నా మొదటి సలహా: కంపెనీ పేరు చెప్పకండి. అడిగినా చెప్పకండి.

ఇక్కడ రాయబోయే సలహాల్లో చాలావరకు ఇలాగే తలకిందులుగా వినిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటారు. కొట్లో కుర్రాడు "అలా కుదరదండీ" అంటాడు. అయినా ప్రతిదానికీ ఒక కారణం ఉంది. కారణం విని, సబబుగా తోస్తేనే పాటించండి.

ఛార్జర్ అని మనం పిలిచేదానికి మధ్యలో ఒక నల్ల దిమ్మ, అటూ ఇటూ రెండు వైర్లు ఉంటాయి. దిమ్మకీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఉండే సన్న వైరు దిమ్మలోంచే వస్తుంది, ఊడదు. దాని కొస పిన్ను కంపెనీకో తీరుగా ఉంటుంది. అది తెగితే కంపెనీ పేరు కావాలి, కాదనను. గోడకీ దిమ్మకీ మధ్య ఉండే వైరు మాత్రం రెండు వైపులా ఊడి వస్తుంది. దానికి కంపెనీతో నిమిత్తం లేదు. ఇలాంటి వైర్ల కొసలు ఏ ఆకారంలో, ఏ కొలతలో ఉండాలో ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ 1970లోనే ఖాయం చేసింది. ఆ ప్రమాణాన్ని ఇప్పుడు ఐఈసీ 60320 అంటారు. చైనాలో చేసినా, చెన్నైలో చేసినా, డెల్ పెట్టెలో వచ్చినా, హెచ్‌పీ పెట్టెలో వచ్చినా ఆ కొలతే.

ల్యాప్‌టాప్‌లకు మామూలుగా వాడేవి మూడు రకాలు. మూడు చిన్న గుండ్రాలు ఒకదాన్నొకటి అంటుకున్నట్టు ఉండి, మూడు రంధ్రాలున్నది సీ5. ఎక్కువ ల్యాప్‌టాప్‌లకు ఇదే. కొందరు దీన్ని మిక్కీ మౌస్ కేబుల్ అంటారు, ఆ పేరు చెప్పినా కొట్లో ఇస్తారు. ఎనిమిది అంకెలా రెండు రంధ్రాలున్నది సీ7. గేములాడే భారీ ల్యాప్‌టాప్‌ల పెద్ద దిమ్మలకు చాలావాటికి డెస్క్‌టాప్ కంప్యూటర్ వైరే పడుతుంది, దాన్ని సీ13 అంటారు. కొట్లో అడగాల్సింది ఇంతే: "మూడు రంధ్రాల ల్యాప్‌టాప్ పవర్ కేబుల్ ఇవ్వండి." టైప్-సీ ఛార్జర్లలో దిమ్మే నేరుగా గోడకి గుచ్చేవి ఈమధ్య వస్తున్నాయి. వాటికి ఈ గొడవే లేదు. టైప్-సీ అయినా దిమ్మ వేరు, వైరు వేరు అయితే మాత్రం నేను చెప్పేదంతా వర్తిస్తుంది.

ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలెయ్యండి

కొట్టుకి వెళ్ళేటప్పుడు ల్యాప్‌టాప్ మోసుకెళ్తారు. దాంతో పని లేదు. దాన్ని చూడగానే మళ్ళీ కంపెనీ, మోడల్ అనే మాటలే వస్తాయి. తీసుకెళ్ళాల్సింది నల్ల దిమ్మని, పాడైన వైరుని. కొత్త వైరు ఆ దిమ్మలోకి బిగుతుగా, బలవంతం చెయ్యకుండా దిగిందా లేదా అన్నది అక్కడే చూసుకోవచ్చు. వదులుగా ఊగితే ఆ వైరు వద్దు. వదులు జాయింటు దగ్గర వేడి పుడుతుంది, ఆ వేడికి దిమ్మ లోపలి పిన్నులు నల్లబడతాయి. అంతదాకా వస్తే నిజంగానే ఛార్జర్ మార్చాలి.

దిమ్మ మీద సన్న అక్షరాల్లో రాసింది ఒకసారి చదవండి. ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉంటుంది. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు కాబట్టి దిమ్మకి ఇబ్బంది లేదు. పక్కనే 1.5 ఆంపియర్లనో 1.7 ఆంపియర్లనో ఉంటుంది. చాలామంది దాన్ని చూసి హడలిపోయి లావుపాటి వైరు అడుగుతారు. ఆ అంకె 100 వోల్టులిచ్చే జపాన్ లాంటి దేశాల్ని కూడా కలుపుకుని వేసిన గరిష్ఠ లెక్క. 65 వాట్ల ఛార్జర్ మన 230 వోల్టుల మీద అర ఆంపియర్‌కి అటూ ఇటూగా లాగుతుంది. సీ5 కొసకి ప్రమాణం ఇచ్చిన హద్దు 2.5 ఆంపియర్లు. అంటే ఎంత ఖాళీ ఉందో చూడండి.

ముందు పక్కింటి వైరు తెచ్చుకోండి

వైరు పోయిందో, దిమ్మే పోయిందో తేల్చుకోకుండా దేనికీ డబ్బు పెట్టకండి. తేల్చుకోవడానికి పక్కింటి అబ్బాయి ల్యాప్‌టాప్ వైరు ఐదు నిమిషాలు అడిగి తెచ్చుకోండి. "మాది వేరే కంపెనీ కదా మావయ్యా, కాలిపోతుందేమో" అని వాడు జంకుతాడు. కాలదు. గోడ వైపు వైరులో ఉండేది రెండు లేదా మూడు రాగి తీగలు, వాటి మీద ప్లాస్టిక్కు. అంతకు మించి ఏమీ లేదు. వోల్టేజీ మార్చే పనంతా దిమ్మ లోపల జరుగుతుంది. ఆ వైరు పెడితే దిమ్మ మీది చిన్న లైటు వెలిగిందనుకోండి, తప్పు మీ వైరుదే. వెలక్కపోతే తప్పు దిమ్మది కావచ్చు. కొన్ని కంపెనీల దిమ్మలకు లైటే ఉండదు, అప్పుడు ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ గుర్తు చూడాలి. ఇచ్చిపుచ్చుకోవలసింది గోడ వైరు మాత్రమే. దిమ్మలు మార్చుకోకండి. అవి కంపెనీకో వోల్టేజీ, ల్యాప్‌టాప్‌కో వాటేజీ.

మన వైరు ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే లైటు వెలుగుతోందంటే లోపల రాగి పోగులు సగం తెగాయన్నమాట. ఇలాంటప్పుడు మన పిల్లలు చేసే పని నాకు భయం పుట్టిస్తుంది. వైరుని ఆ వంపులోనే రబ్బరు బ్యాండుతో కట్టేసి, మీద పుస్తకాలు పెట్టి, రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేస్తారు. తెగిన పోగుల మధ్య సన్నగా నిప్పురవ్వ లేస్తూనే ఉంటుంది. పక్కన పరుపు, దుప్పటి, దోమతెర. "పరీక్షలయ్యాక మారుద్దాంలే" అనకండి. వంచితే వెలిగే వైరుని ఆ రోజే పక్కన పడెయ్యండి.

అటక మీంచి టేప్ రికార్డర్ దింపండి

ఇది వినగానే ఇంట్లో అందరూ కాదనే సలహా. మీ దిమ్మకి రెండే పిన్నులుండి, ఎనిమిది అంకె ఆకారంలో ఉంటే, దానికి కావలసిన వైరు చాలా ఇళ్ళలో ఇప్పటికే ఉంది. నాన్నగారు పాటలు విన్న టేప్ రికార్డరుకీ, పాత డీవీడీ ప్లేయరుకీ, కొన్ని ప్రింటర్లకీ వచ్చింది ఆ సీ7 వైరే. అటక మీద దుమ్ము దులిపి చూడండి. తొడుగు ఎక్కడా పగలకుండా, ఎలక కొరక్కుండా, కొస మీద 2.5 ఆంపియర్లు, 250 వోల్టులు అన్న అచ్చు కనిపిస్తే నిశ్చింతగా వాడుకోండి. కొన్ని పాత రేడియోలకి చూడ్డానికి అలాగే ఉండి కొలతలో తేడా ఉన్న వైర్లు వచ్చేవి. దూరకపోతే చాకుతో చెక్కి దూర్చకండి. ఏ కొసనైనా సరే, చెక్కి అమర్చడం అనేది వద్దు.

డెస్క్‌టాప్ వైరు ఇంట్లో ఉంది కదా అని దాని కొస కోసేసి ల్యాప్‌టాప్ కొస అతికించే పని కూడా వద్దు. గోడ కరెంటు పారే చోట చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు మన వాతావరణంలో ఎంతో కాలం నిలవదు. ఏడాదిలో సగం రోజులు ఉక్కపోత, తేమ. టేపు జిగురు కరిగి జారుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఉప్పుగాలి కూడా తోడై రాగికి పచ్చగా చిలుము పడుతుంది. చిలుము పట్టిన అతుకు వేడెక్కుతుంది.

గల్ఫ్ నుంచి వచ్చిన వైరు

కోనసీమకి సొంతమైన తంటా ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవాళ్ళు చాలామంది. కువైట్ నుంచి పిన్ని పంపిందనో, ఖతార్ నుంచి అన్నయ్య తెచ్చాడనో ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ ఉంటుంది. దాని ప్లగ్గుకి మూడు చదునైన దీర్ఘచతురస్రపు పిన్నులు. అది బ్రిటిష్ ప్లగ్గు. 1947లో వచ్చిన బీఎస్ 1363 ప్రమాణం దానికి ఆధారం. కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, ఎమిరేట్స్ అన్నీ దాన్నే వాడతాయి. మనవి గుండ్రటి పిన్నులు. అవీ బ్రిటన్ నుంచి వచ్చినవే, కానీ అంతకు ముందు తరంవి. వాళ్ళు మార్చుకున్నారు, మనం అలాగే ఉంచుకున్నాం.

దీనికి ఇక్కడ చేసే వైద్యాలు మూడు. మొదటిది, సాకెట్టు పై రంధ్రంలో పెన్ను రీఫిల్లో స్క్రూడ్రైవరో గుచ్చి మూత తెరిచి, కింది రెండు రంధ్రాల్లోకి చదును పిన్నుల్ని నొక్కెయ్యడం. సాకెట్టు లోపలి ఇత్తడి రేకులు వెడల్పైపోతాయి. ఆ తర్వాత మన సొంత ప్లగ్గులు కూడా అందులో వదులుగా ఊగుతాయి. రెండోది, అన్ని రకాల ప్లగ్గులూ పట్టే ఎక్స్‌టెన్షన్ బాక్సు. అన్నీ పట్టే రంధ్రం దేన్నీ గట్టిగా పట్టుకోదు. మూడోది, వందో నూటయాభయ్యో పెట్టి కొనే కన్వర్టర్ ప్లగ్గు. చౌకరకం కన్వర్టర్లలో చాలావాటికి మన వైపు రెండు పిన్నులే ఉంటాయి. ల్యాప్‌టాప్ పనిచేస్తుంది, ఎర్త్ మాత్రం అక్కడే తెగిపోతుంది.

నా సలహా: బాగా పనిచేస్తున్న ఆ వైరుని తీసి పక్కన పెట్టండి. "చక్కగా ఉన్నదాన్ని పారేస్తావేంటి?" అని అమ్మ అంటుంది. పారెయ్యక్కర్లేదు, పిన్నికి తిరిగి పంపొచ్చు. కన్వర్టర్ కొనే డబ్బుతోనే మన మూడు గుండ్రటి పిన్నుల సీ5 వైరు వస్తుంది. దిమ్మ అదే, ల్యాప్‌టాప్ అదే, గోడ వైరు ఒక్కటి మారితే కువైట్ ల్యాప్‌టాప్ మన ల్యాప్‌టాప్ అయిపోతుంది.

అమెరికా నుంచి వచ్చిన వాటికి ఇదే మాట ఇంకా గట్టిగా చెప్పాలి. అక్కడి ఇళ్ళలో కరెంటు 120 వోల్టులు. అక్కడి వైరు ప్లగ్గు మీద చూడండి, 125 వోల్టులు అని అచ్చు ఉంటుంది. దిమ్మ 240 దాకా తట్టుకుంటుంది, ఆ వైరు ప్లగ్గుని మాత్రం 230 వోల్టుల కోసం చెయ్యలేదు. సంక్రాంతికి వచ్చిన బావగారు కన్వర్టర్ పెట్టి నడిపించేస్తారు, పండగ నాలుగు రోజులూ గడిచిపోతాయి. ల్యాప్‌టాప్ ఇక్కడే తమ్ముడికి ఇచ్చి వెళ్తున్నారంటే మాత్రం, వెళ్ళే ముందు ఒక వైరు కొనిచ్చి వెళ్ళమనండి.

మూడో పిన్ను

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోగలను అనేవారు ఇది గుర్తుంచుకోండి. మూడో పిన్నుని విరవకండి, విరిచిన వైరు వాడకండి, మూడు పిన్నుల దిమ్మకి రెండు పిన్నుల వైరు చౌకగా వస్తుందని తీసుకోకండి.

ప్లగ్గులో పైనున్న లావు పిన్ను మిగతా రెండింటి కన్నా పొడుగు కూడా. అందుకు కారణం ఉంది. పొడుగు కాబట్టి గుచ్చేటప్పుడు అదే ముందు తగులుతుంది, తీసేటప్పుడు అదే ఆఖర్న వదులుతుంది. కరెంటు ఉన్నంత సేపూ ఎర్త్ ఉంటుంది. లావు కాబట్టి పొరపాటున ఫేజ్ రంధ్రంలోకి దూరదు. పాత ఇళ్ళలో రెండు రంధ్రాల సాకెట్లుంటే ఈ పిన్ను అడ్డమొస్తుందని పటకారుతో విరిచేస్తారు. అలా విరిచిన వైర్లు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో తలుచుకుంటే గుండె గుబేలుమంటుంది.

అల్యూమినియం ఒంటి ల్యాప్‌టాప్‌ని ఛార్జింగ్‌లో పెట్టి అరచెయ్యి ఆనిస్తే ఒక్కోసారి సన్నగా జివ్వుమంటుంది. ముఖ్యంగా చెప్పుల్లేకుండా నేల మీద కాళ్ళు పెట్టి కూర్చున్నప్పుడు. "ల్యాప్‌టాప్‌లో షాక్ కొడుతోంది, పాడైంది" అని సర్వీసు సెంటరుకి పరుగెత్తుతారు. చాలాసార్లు ల్యాప్‌టాప్‌లో ఏ లోపమూ ఉండదు. దిమ్మ లోపల విద్యుత్ రొదని వడగట్టే చిన్న కెపాసిటర్లుంటాయి. వాటిగుండా అతి స్వల్పంగా కరెంటు కారుతుంది, దాన్ని భూమిలోకి దించడమే మూడో తీగ పని. ఆ తీగ తెగితే అది మీ చేతిగుండా దారి వెతుక్కుంటుంది. ఆ జివ్వుమనడం దానంతటది ప్రాణం తియ్యదు. కానీ రేపు దిమ్మ లోపల నిజంగా ఏదైనా కాలి ఫేజ్ వచ్చి తగిలితే, దాన్ని దించడానికి దారి లేదని అది ఇవాళే చెబుతోంది. కాబట్టి జివ్వుమన్న రోజు ల్యాప్‌టాప్‌ని వదిలేసి మూడు చూడండి: మీ వైరుకి మూడో పిన్ను ఉందా, ఆ పిన్ను లోపల నిజంగా కలిసి ఉందా, మీ ఇంట్లో ఎర్త్ ఉందా.

రెండోది చాలామందికి తెలియదు. చౌకరకం వైర్లలో కొన్నిటికి మూడు పిన్నులూ పైకి కనిపిస్తాయి, లోపల మాత్రం రెండే తీగలు. అచ్చుపోసిన ప్లగ్గు కాబట్టి విప్పి చూడలేం. అందుకే వైరు కొనేటప్పుడు సెల్ కొట్టు కన్నా మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే ఆయన బల్ల దగ్గరికి వెళ్ళమంటాను. ఆయన దగ్గర మల్టీమీటరు ఉంటుంది. దాన్ని బీప్ మోడ్‌లో పెట్టి, ఒక పుల్ల ప్లగ్గు లావు పిన్నుకి, రెండో పుల్ల అవతలి కొసలో ఒంటరిగా ఉన్న రంధ్రంలోకి ఆనిస్తే కూత రావాలి. అలాగే మిగతా రెండూ. మూడు కూతలు వస్తేనే డబ్బులివ్వండి. వైరు అక్కడే కొన్నా, వేరే చోట కొని తెచ్చినా, "ఒక్కసారి చూసిపెట్టండి బాబాయ్" అంటే కాదనేవాళ్ళు మన వైపు తక్కువ.

మూడోది ఇంటి సంగతి. నీళ్ళు పైపైనే ఉన్న నేల మనది. తేమ నేల కరెంటుని బాగా పీల్చుకుంటుంది, ఎర్త్ గుంత తియ్యడానికి కోనసీమ కన్నా అనువైన నేల అరుదు. గాల్వనైజ్డ్ ఇనుప గొట్టం పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసే పద్ధతి మన మేస్త్రీలకీ ఎలక్ట్రీషియన్లకీ కొత్త కాదు. ఎర్తింగ్‌కి ఐఎస్ 3043 అని ప్రత్యేకంగా ఒక భారతీయ ప్రమాణమే ఉంది. ఇంత వీలున్నా పాత పెంకుటిళ్ళలో, డాబా మీద కొత్తగా వేసుకున్న గదుల్లో సాకెట్టు పై రంధ్రం వెనకాల తీగే ఉండదు. అంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. తీగ లేదని న్యూట్రల్‌నే తీసి ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు కొందరు. టెస్ట్ ల్యాంపు వెలుగుతుంది, ఎర్త్ వచ్చేసిందని చెప్పి వెళ్ళిపోతారు. ఏ గాలివానకో న్యూట్రల్ తెగిన రోజు ఫేజ్ అదే దారిన వెనక్కి వచ్చి ల్యాప్‌టాప్ ఒంటికీ, ఫ్రిజ్జు తలుపుకీ, వాషింగ్ మెషీన్‌కీ ఎక్కుతుంది. మీ ఇంట్లో ఎవరైనా అలా కలిపారేమో ఎలక్ట్రీషియన్ని అడిగి తెలుసుకోండి. కలిపి ఉంటే తీయించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి మీటరు బోర్డు తర్వాత పెట్టించుకుంటే, కరెంటు దారి తప్పిన క్షణమే అది పడిపోతుంది. వందల రూపాయల వైరు దగ్గర మొదలైన మాట వేల రూపాయల దగ్గరికి వచ్చిందని అనుకోవద్దు. పిల్లలు రోజూ గంటలకొద్దీ చేతులానించి కూర్చునే వస్తువు ఇది.

లావు వైరు అడగకండి

లావుగా ఉంటే గట్టిదని మనకో నమ్మకం. చౌకరకం వైరు లావంతా తరచూ ప్లాస్టిక్కే, లోపల రాగి పూసిన అల్యూమినియమో ఇనుమో నాలుగు పోగులుంటాయి. ల్యాప్‌టాప్‌కి ఒక్కో తీగ 0.75 చదరపు మిల్లీమీటర్లుంటే సరిపోతుంది. ఆ అంకె వైరు ఒంటి మీద అచ్చువేసి ఉంటుంది. దాంతోపాటు ఐఎస్ 694 అని తీగ ప్రమాణం, ప్లగ్గు మీద ఐఎస్ 1293 అని ప్లగ్గు ప్రమాణం, ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది. నంబరు లేకుండా ఐఎస్ఐ బొమ్మ ఒక్కటే ఉంటే ఆ బొమ్మని నమ్మకండి. జేబులో చిన్న అయస్కాంతం ఉంటే ప్లగ్గు పిన్నులకి ఆనించి చూడండి. ఇత్తడిని అయస్కాంతం లాగదు. అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత.

బరువైన వైరుతో ఇంకో నష్టం ఉంది. పదేపదే దిమ్మ రంధ్రాన్ని కిందికి లాగి వదులు చేస్తుంది. మెత్తగా, చేత్తో మడిస్తే వంగే వైరు మన పనికి మేలు.

ఒకటి చాలు అనుకున్నప్పుడు రెండు కొనండి

దుబారా అనిపిస్తుంది. కానీ ఈ వైర్లు ఎక్కువగా చచ్చేది వాడకంతో కాదు, మడతలతో. రోజూ బ్యాగులో చుట్టి కుక్కి, మళ్ళీ తీసి లాగితే ప్లగ్గు మెడ దగ్గర తెగుతుంది. ఇంట్లో బల్ల దగ్గర ఒకటి కదలకుండా ఉంచి, బ్యాగులో ఒకటి పడేసుకుంటే రెండూ ఎక్కువ కాలం వస్తాయి. రాత్రిళ్ళు నేల మీద వదలకుండా మేకుకి తగిలిస్తే ఎలకల బాధ తప్పుతుంది. కొబ్బరి, ధాన్యం నిలవ ఉండే ఇళ్ళలో ఎలకలు వైరుని వదలవు.

2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని పొరుగు ఊళ్ళకి పోయారు. అలాంటి రోజు బ్యాగులో రెండో వైరు ఉన్నవాడి పని ఆగదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుందాం అనుకునేవారికి కూడా అదే చెబుతాను. కోనసీమకి రైలు రాలేదు. కాకినాడ నుంచి వచ్చే రైలు మార్గం కోటిపల్లి రేవు దగ్గరే ఆగిపోయింది. ఏ పార్సిలైనా వంతెనలు దాటి రోడ్డు మీదే రావాలి. బజార్లో చేతికందే వైరు కోసం మూడు రోజులు ఎదురుచూడటం అనవసరం. ఊళ్ళో దొరకని పక్షంలో రాజమండ్రిలోనో కాకినాడలోనో చదువుకునే పిల్లలకి ఫోన్ చేసి ఆర్టీసీ కార్గోలో వేయించుకోండి, లేదంటే శనివారం ఇంటికి వచ్చేటప్పుడు తెమ్మనండి. అప్పుడు కూడా ఫోనులో కంపెనీ పేరు చెప్పొద్దు. పాత వైరు రెండు కొసలూ ఫోటో తీసి పంపండి.

ఎండబెట్టకండి

లంక గ్రామాలవారికి ప్రత్యేకంగా ఈ మాట. 2022 జులై వరదల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. పి.గన్నవరం, అయినవిల్లి వైపు లంకల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. నీళ్ళు తీశాక మంచాలూ బట్టలూ ఎండబెట్టినట్టే వైర్లనూ ఎండలో ఆరేస్తారు. వైరు పైన ఆరుతుంది. కొసల్లో దూరిన ఒండ్రు, రాగి పోగుల మధ్యకి పాకిన తడి ఎండకి పోవు. నెల తర్వాత లోపల చిలుము పట్టి ఒక రాత్రి వాసన వస్తుంది. వరద నీళ్ళలో మునిగిన గోడ వైరుని, నల్ల దిమ్మని ఇక వాడకండి. ల్యాప్‌టాప్ మునక్కుండా అటకెక్కించి ఉంటే దాన్ని కొత్త వైరుతో, కొత్త దిమ్మతో వాడుకోండి. గదిలో సాకెట్టు దాకా నీళ్ళొచ్చి ఉంటే, ముందు ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాకే ప్లగ్గు పెట్టండి.

కొత్తది రాగానే పాతది కోసెయ్యండి

అలవాటుగా మనం ఏదీ పారెయ్యం. పాడైన వైరు కూడా సొరుగులోకే వెళుతుంది. ఆరు నెలల తర్వాత ఎవరో తీసి, బాగానే ఉంది కదా అని దేనికో పెడతారు. తొడుగు చిట్లిన వైరు ఒక చివర గోడలో ఉండి, రెండో చివర పసిపిల్ల చేతిలో ఉండటం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అందుకని కొత్త వైరు దిమ్మలో పెట్టి లైటు వెలగడం చూసిన వెంటనే, పాతదాన్ని గోడ నుంచి తీసి, కత్తెరతో ప్లగ్గు మెడ దగ్గర కోసెయ్యండి. ప్లగ్గు ఒకటి, తీగ ఒకటి అయిపోతే ఇక దాన్ని ఎవరూ ఎక్కడా గుచ్చలేరు.

కోసిన ముక్కల్ని కొబ్బరి మట్టలతో కలిపి తగలెయ్యకండి. పైనున్న పీవీసీ కాలితే వచ్చే పొగలో ఆమ్లం ఉంటుంది. ఊపిరితిత్తుల్ని మండిస్తుంది. రాగి కోసం వైర్లు కాల్చే పిల్లల్ని పెరళ్ళలో చూస్తే కసిరి పొమ్మనకండి. రాగిని చాకుతో ఒలిచినా అదే తూకం వస్తుందని చూపించండి. పాత సామాన్లు కొనేవాడు వీధిలోకి వచ్చినప్పుడు తీగ ముక్కా ప్లగ్గు ముక్కా విడివిడిగా అతని బుట్టలో వెయ్యండి.